ఫోన్, కంప్యూటర్ ఎక్కువసేపు చూస్తే కళ్ళు ఎందుకు పొడిబారతాయి?

స్క్రీన్ చూసేటప్పుడు మనం రెప్పలు వెయ్యడం బాగా తగ్గిపోతుంది, అందుకే కళ్ళు ఆరిపోయి మంట, గరగర వస్తాయి. మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు పడే రెప్ప అప్పుడు సగానికి తగ్గిపోతుంది, పైగా చాలాసార్లు పూర్తిగా మూసుకోదు, పూర్తిగా మూస్తేనే రెప్ప అంచుల్లోని గ్రంథుల నుంచి నూనె వచ్చి కన్నీటి పొర మీద పరుచుకుంటుంది, అది లేకపోతే నీరు గబగబా ఆరిపోతుంది. విజయనగరంలో మీసేవ సెంటర్లో పొద్దస్తమానం మానిటర్ ముందు కూర్చునే ఆపరేటర్నే తీసుకోండి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ కూడా ఉందంటే సాయంత్రానికి కళ్ళు ఎర్రబడిపోతాయి, పాపం. చాలామంది ఇదంతా స్క్రీన్ నుంచి వచ్చే బ్లూ లైట్ (నీలి కాంతి) వల్లే అనుకుని, దాన్ని తగ్గించే బ్లూ కట్ కళ్ళజోడు కొనేస్తారు, దాంతో ఈ పొడి తగ్గదండి. కళ్ళమ్మట నీళ్ళు కారినా పొడిబారలేదని కాదు, ఆ చికాకుకే ఒక్కోసారి అలా కారతాయి.