ఔట్‌బోర్డ్ వర్క్‌షాప్‌లోనే ఉండాలా, కార్ల వైపు మారిపోవాలా?

ప్రశ్న: ఆటోమొబైల్ డిప్లొమా అయ్యాక పడవల వెనక బిగించే ఔట్‌బోర్డ్ మోటార్లు బాగుచేసే వర్క్‌షాప్‌లో చేరాను సార్. ఏడాదైంది. ఆయిల్, ప్లగ్‌లు, వాటర్ పంప్ ఇంపెల్లర్ (నీళ్లు తోడే రెక్కల చక్రం) మార్చడం తప్ప వేరే పని ఇవ్వడం లేదు. హెడ్ (సిలిండర్ల మూత) విప్పి వాల్వ్‌లు చూసేది సీనియర్ ఒక్కరే. ఇంకోపక్క అందరూ ఎలక్ట్రిక్ వచ్చేస్తోంది అంటున్నారు. ఇప్పుడు వాల్వ్ పని నేర్చుకుని లాభం ఉందా, లేక కార్ల వైపు వెళ్ళిపోనా?

జవాబు: తొందరపడి మానేయకు తమ్ముడూ. నీ టెన్షన్ న్యాయమైనదే, ప్లగ్‌లు, ఆయిల్ మార్చే పని ఎవరైనా కొద్ది నెలల్లో పట్టేస్తారు కాబట్టి దాని మీద నీ విలువ పెద్దగా పెరగదు. పార్టులు మార్చేవాడికీ మెకానిక్‌కీ తేడా తెలిసేది కొలత దగ్గర, ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆ కొలతలు ఎక్కువగా ఉండేది వాల్వ్‌ల దగ్గర. అందుకే నా మాట: అక్కడే ఉండు, కానీ ఆ పని అడిగి మరీ నేర్చుకో.

ఔట్‌బోర్డ్‌లో వాల్వ్‌ల మీద పడే భారం కారులో కంటే చాలా ఎక్కువ. రోడ్డు మీద కారు ఫుల్ థ్రాటిల్‌లో నడిచేది ఎప్పుడో ఒకసారి, పడవ మోటార్ మాత్రం 5000 ఆర్‌పీఎం దగ్గర గంటల తరబడి లోడ్ లాగుతుంది. పైగా పొగ, కూలింగ్ నీళ్లు రెండూ మోటార్ నుంచి నీళ్లలోకి దిగే ఒకే కాలు గుండా కిందికి పోతాయి, లోపల ఎక్కడైనా గాస్కెట్ పోయినా, తుప్పు తినేసి చిల్లి పడినా ఉప్పునీళ్లు ఎగ్జాస్ట్ వాల్వ్ దాకా వచ్చేస్తాయి. అలాంటి మోటార్‌ని కొన్నాళ్లు వాడకుండా పడేస్తే వాల్వ్ కాడ అది జారే గొట్టంలో, అంటే గైడ్‌లో బిగుసుకుపోతుంది, వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే సీటు మీద గుంటలు పడతాయి.

మొదట నేర్చుకోవాల్సింది ట్యాపెట్ సెట్టింగ్, అంటే వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య గ్యాప్ సరిచేయడం. గ్యాప్ పెరిగి ట్యాపెట్ టకటకమంటే యజమాని తనే మోటార్ పట్టుకొస్తాడు, అది అంత ప్రమాదం కాదు. సీటు అరిగి వాల్వ్ లోపలికి దిగే కొద్దీ గ్యాప్ తగ్గిపోతుంది, శబ్దం కూడా రాదు, వాల్వ్ పూర్తిగా మూసుకోక దాని వేడి సీటుకి చేరదు, చివరికి అంచు కాలిపోతుంది. కొన్ని మోడళ్లలో ఇన్‌టేక్‌కి 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.25 నుంచి 0.35 దాకా ఉండాలి, కానీ నీ ముందున్న మోటార్‌కి దాని సర్వీస్ మాన్యువల్ చెప్పిందే లెక్క. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఆ సిలిండర్ పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి వచ్చినప్పుడు కొలవాలి. ఫ్లైవీల్‌ని మాత్రం ఇంజిన్ తిరిగే వైపే తిప్పు, వెనక్కి తిప్పితే నువ్వు రోజూ మార్చే ఆ ఇంపెల్లర్ రెక్కలే దెబ్బతింటాయి.

స్క్రూ, లాక్‌నట్ ఉన్నవి సులువు. షిమ్ (గ్యాప్ సరిచేయడానికి పెట్టే చిన్న లోహపు బిళ్ల) ఉన్న మోటార్‌కి కాగితం మీద లెక్క వేయాలి: పాత షిమ్ మందానికి కొలిచిన గ్యాప్ కలిపి, ఉండాల్సిన గ్యాప్ తీసేయాలి. పాత షిమ్ 2.50, గ్యాప్ 0.20 వచ్చింది, కావాల్సింది 0.30 అనుకో, కొత్త షిమ్ 2.40. ఈ లెక్క తడబడకుండా వేసి, మైక్రోమీటర్‌తో షిమ్‌ని నువ్వే కొలిచి చూపించగలిగితే సీనియర్ నీ చేతికి గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ ఇవ్వడానికి జంకడు.

ఆ తర్వాత హెడ్ విప్పకముందే జబ్బు కనిపెట్టడం. కంప్రెషన్ తక్కువ వచ్చిన సిలిండర్‌లో కాస్త ఆయిల్ వేసి మళ్లీ చూడు. పెరిగితే రింగుల వైపు అనుమానం, పెరగకపోతే వాల్వ్‌లో లేదా హెడ్ గాస్కెట్‌లో తేడా ఉన్నట్టు. లీక్‌డౌన్ టెస్టర్‌తో గాలి ఎక్కిస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది, థ్రాటిల్ బాడీలో బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వ్ పట్టడం లేదు.

గ్రైండింగ్ పేస్ట్‌తో ల్యాపింగ్ (వాల్వ్‌ని సీటు మీద రుద్ది సరిగ్గా ఆనేలా చేయడం) చూడ్డానికి సరదాగా ఉంటుంది కానీ చాలామంది పాడుచేసేది అక్కడే. చుట్టూ ఒకే వెడల్పులో బూడిదరంగు పట్టీ వస్తే చాలు, ఆపేయాలి. గుంటలు పోయేదాకా రుద్దుతూ కూర్చుంటే సీటు వెడల్పైపోతుంది, గుంటలున్నదానికి కట్టర్‌తో సీటు కోయాల్సిందే. గైడ్ అరిగి వాల్వ్ ఊగుతుంటే ముందు గైడ్ సంగతి చూడాలి, లేకపోతే కోసిన సీటు కూడా నిలవదు. ఏ వాల్వ్ ఏ సీటుదో గుర్తుపెట్టి వరుసలో పెట్టుకో. పేస్ట్ రవ్వంత మిగిలినా ఆయిల్‌లో కలిసి బేరింగులు తినేస్తుంది, కాబట్టి కడిగే పనికి బద్ధకించకు. షెడ్డులో పారేసిన పాత హెడ్ ఒకటి అడుగు, దాని మీద ఎంత ప్రాక్టీస్ చేసినా ఎవరికీ నష్టం లేదు.

ఇక ఎలక్ట్రిక్ భయం. చిన్న మోటార్లలో అది ఇప్పటికే వచ్చింది, ఇంకా పెరుగుతుంది కూడా. అయితే దూరం వెళ్ళి రోజంతా పనిచేసే పడవకి కావలసిన బ్యాటరీ బరువు ఇప్పటికీ పెద్ద సమస్యే, అందుకని పెట్రోల్ ఔట్‌బోర్డ్ రేపే మాయమవుతుందని నేను అనుకోను. పాత టూ స్ట్రోక్‌లలో ఇలాంటి వాల్వ్‌లే ఉండవు, గాలి ఒత్తిడికి వాటంతటవే తెరుచుకునే పల్చటి రేకుల రీడ్ వాల్వ్‌లు ఉంటాయి, అంటే ఫోర్ స్ట్రోక్‌లు పెరిగే కొద్దీ నువ్వు నేర్చుకునే పనికి గిరాకీ పెరుగుతుంది. దీనితోపాటు వైరింగ్ డయాగ్రమ్ చదవడం, ల్యాప్‌టాప్‌తో ఫాల్ట్ కోడ్‌లు చూడడం తప్పకుండా నేర్చుకో, డిప్లొమా చదివావు కాబట్టి అది నీకు సీనియర్ కంటే సులువు, ఆయనకు ఆ సాయం చేస్తే ఆయన నీకు హెడ్ పని చూపించడానికి మొహమాటపడడు.

కార్లకి వెళ్ళాలంటే తర్వాతైనా వెళ్ళొచ్చు, ఫీలర్ గేజ్, షిమ్ లెక్క, సీటు కోత అక్కడా ఇవే. ఆరు నెలలు గట్టిగా అడిగి చూడు. అప్పటికీ హెడ్ ముట్టుకోనివ్వకపోతే మార్చాల్సింది వర్క్‌షాప్‌ని, పనిని మార్చకు. కంపెనీ డీలర్ దగ్గర ఖాళీ ఉందేమో అడుగు, టెక్నీషియన్లకి కంపెనీ ట్రైనింగ్ ఉంటుందా, ఏ ఇంజిన్ల మీద ఉంటుంది అనేది చేరకముందే తేల్చుకో.