ఫ్యూజు ఎందుకు పోతోందో వెతకబోయే మేనకోడలికి

విజయవాడ

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. పక్క చక్రాలు బిగించిన నీ స్కూటరు ఫ్యూజు నెల రోజుల్లో నాలుగుసార్లు పోయిందనీ, చూపించిన మెకానిక్కులిద్దరూ కొత్త ఫ్యూజు వేసి పంపడం తప్ప ఏమీ చేయలేదనీ, శనివారం నువ్వే విప్పి చూస్తానంటున్నావనీ చెప్పింది. "వద్దని చెప్పు అన్నయ్యా" అంది. వద్దని రాయడానికే కాగితం తీశాను. రాయబోతుంటే, ఎనిమిదేళ్ళప్పుడు నా కొట్లో బల్లెక్కి కూర్చుని పాత హారన్లు విప్పి మళ్ళీ బిగించిన పిల్ల గుర్తొచ్చింది. నువ్వు చేయగలవు తల్లీ. గర్వంగానే ఉంది. భయమూ ఉంది. అది ఎందుకో కాస్సేపట్లో చెబుతాను.

ముందు మామూలు సంగతులు. గాజులు, వాచీ తీసెయ్యి. బ్యాటరీకి నెగటివ్ తీగ ముందు విప్పు, చివర బిగించు. పని ఆరుబయట చెయ్యి, రేకుల షెడ్డులో వద్దు. పక్కన బకెట్టు నిండా పొడి ఇసుక పెట్టుకో. కాలికి ఆసరాగా కట్టుకునే కాలిపర్ల మీద మందపాటి దుప్పటి కప్పుకో, ఆ ఇనుప కడ్డీ పొరపాటున పాజిటివ్‌కూ చట్రానికీ మధ్య తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. చంక కర్రలు చేతికి అందేచోట ఉండాలి, గోడకు ఆనించి కాదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మొదలుపెట్టావని తెలిస్తే మాత్రం నేను ఊరుకోను.

ఇన్ని ఆంక్షలు ఎందుకంటే, 1993 వేసవిలో నేనొక తప్పు చేశాను. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

ఆటోనగర్‌లో సొంత కొట్టు పెట్టి రెండేళ్ళు కాలేదు. సీతానగరంలో ఎస్టీడీ బూత్ నడిపే ఒకాయన పక్క చక్రాలు బిగించిన స్కూటరు మీద వచ్చాడు. రెండు కాళ్ళూ పోలియోతో పడిపోయినవే. ఫ్యూజు నిలవడం లేదన్నాడు. చీకటి పడుతోంది, ఇంకా మూడు బండ్ల పని మిగిలి ఉంది. కొత్త ఫ్యూజు వేశాను. దీపాలు వెలిగాయి, బండి కాస్త ఊపగానే ఆరిపోయాయి. ఇంకొకటి వేశాను, అదీ పోయింది. అప్పుడు చేశానమ్మా ఆ పని. తీగ ముక్క ఒలిచి, రాగి పోగులు పురిపెట్టి, ఫ్యూజు ఉండాల్సిన చోట చుట్టాను. "ఈ పూటకు ఇల్లు చేరండి, రేపు పగలు తీసుకురండి, తీరిగ్గా చూస్తాను" అన్నాను. డబ్బులు కూడా తీసుకున్నాను.

ప్రకాశం బ్యారేజీ దాటి అటువైపు దిగుతుండగా సీటు కింద నుంచి పొగ వచ్చిందట. ఒరుసుకుపోయిన తీగ ఏదో చట్రానికి తగిలింది. అసలు ఫ్యూజు ఉంటే క్షణంలో కరిగి తెగిపోయేది. నేను చుట్టిన పోగులు తెగలేదు. బ్యాటరీలోని శక్తంతా ఆ సన్నని తీగల్లోకి దూకింది, పైన ఉన్న ప్లాస్టిక్కు కరిగి అంటుకుంది. పెట్రోలు గొట్టం ఆ పక్కనే. కాళ్ళున్న మనిషి బండి వదిలేసి దూకుతాడు. ఆయన దూకలేడు, కర్రలు బండికే కట్టి ఉన్నాయి. చేపలు అమ్ముకుని ఇంటికి వెళుతున్న ఇద్దరు ఆడవాళ్ళు చంకల కింద చేతులు వేసి రోడ్డు పక్కకు ఈడ్చారు. ఎడమ పిక్క కాలింది, ప్రాణం దక్కింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. నన్ను ఒక్క మాట అనలేదు. "నా కర్రలు ఏమైనా మిగిలాయా?" అని మాత్రం అడిగాడు. మిగల్లేదని నాకు తెలుసు, బండి చూసే వచ్చాను. కర్రల చివర ఉండే రబ్బరు బుడిపెలు రెండూ కరిగి తారుకు అతుక్కుని ఉన్నాయి.

తరువాత కొన్నేళ్ళకు నీకు జ్వరం వచ్చి కాలు చచ్చుబడింది. నిన్ను ఎత్తుకున్నప్పుడల్లా నాకు ఆయనే కనిపించేవాడు. నీ బండి ఇంటికి వచ్చిన రోజు మీ అమ్మ కొబ్బరికాయ కొడుతుంటే నేను మూత తీసి ఫ్యూజు చూశాను. అందరూ నవ్వారు, నీతో సహా.

కాబట్టి అన్నిటికన్నా ముందు ఆ మూత తీసి ఫ్యూజు మీద అంకె చూడు. పది యాంపియర్లు ఉండాల్సిన చోట పదిహేనో ఇరవయ్యో కనిపిస్తే ఆ మెకానిక్కులిద్దరిలో ఎవరో నేను చేసిన తప్పే చేశారు. వెంటనే మార్చు. రాగి పోగు, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం లాంటివి ఎవరు వేయబోయినా చెయ్యి పట్టుకుని ఆపు.

ఇక వెతకడం. ఫ్యూజు బడి ముందు స్పీడు బ్రేకరు దగ్గరే పోతోందని అమ్మ చెప్పింది. అక్కడ రెండు పనులు జరుగుతాయి, నువ్వు బ్రేకు పడతావు, బండి ఎగురుతుంది. ఆ రెండింటినీ విడదియ్యాలి. ఫ్యూజు తీసేసి, ఆ రెండు కొనలకూ 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటరు బల్బు కలుపు. బల్బు గుండా రెండు యాంపియర్లు కూడా పారవు కాబట్టి తీగ చట్రానికి తగిలి షార్టు అయినా తీగలు కాలవు. ఆ రాత్రి నా దగ్గర అలాంటి బల్బులు డబ్బా నిండా ఉన్నాయి.

ఈ పరీక్షకు కరెంటు కావాలి కాబట్టి నెగటివ్ బిగించి తాళం తిప్పు, ఇంజను వద్దు. బ్రేకు పట్టు. నీ బల్బు, వెనక లైటు రెండూ మసకగా వెలిగితే ఆ తీగ బాగున్నట్టే. నీ బల్బు భగ్గున వెలిగి వెనక లైటు చచ్చిపోతే, బ్రేకు స్విచ్చి దాటాక తీగ ఎక్కడో చట్రానికి తగులుతోంది. ఏమీ తేడా కనబడకపోతే, బ్రేకు పట్టి ఉంచి తమ్ముణ్ణి బండిని ఊపమను. బల్బు మినుకుమన్న క్షణంలో ఊపడం ఆపించి, ఆ చోటు నుంచి తీగను వేళ్ళతో తడుముతూ రా. దొరక్కపోతే తీగలను కలిపే ప్లాస్టిక్కు కప్లర్లు ఒక్కొక్కటే విప్పు. ఏది విప్పగానే బల్బు ఆరుతుందో షార్టు ఆ వైపే ఉంది. నీ బండిలో ఆకుపచ్చ తీగ ఎర్తు, అంటే చట్రానికి కలిసేది. నల్లది చూసి ఎర్తు అనుకోకు, తాళం తిప్పితే అందులో కరెంటు ఉంటుంది.

నా అనుమానం కుడి పక్క చక్రం మీద. ఆ చక్రాలు బిగించిన షెడ్డులో కొత్త లైట్లకు తీగ లాగి, ఇనుప పట్టీ అంచు మీదుగా టేపు చుట్టి వదిలేశారు. చక్రం కిందికీ పైకీ ఆడిన ప్రతిసారీ ఆ అంచు తీగను కోస్తుంది. పండక్కి వచ్చినప్పుడు చూసి, తరువాత చేద్దామనుకున్నాను. ఈ వయసులో కూడా తరువాత చేద్దామనుకున్నానమ్మా. కోపం తెచ్చుకోకు.

తెగిన చోటు దొరికితే నెగటివ్ మళ్ళీ విప్పు. టేపు చుట్టి సరిపెట్టకు, మన ఎండలకు జిగురు కారిపోతుంది. పాడైన ముక్క కోసి, కొత్త తీగ టంకం పెట్టి అతుకు. వేడికి ముడుచుకునే స్లీవు గొట్టం తీగకు ముందే తొడగడం మరిచిపోకు. పట్టీ మీదుగా కాకుండా దారి మార్చు, చక్రం ఆడేందుకు నాలుగు వేళ్ళ వదులు ఉంచు.

బల్బు, హోల్డరు, స్లీవులు, పది యాంపియర్ల ఫ్యూజులు ఆరు రేపటి బస్సులో పంపుతున్నాను. కర్రల చివరలకు కొత్త రబ్బరు బుడిపెలు కూడా పెట్టాను, పాతవి అరిగాయని అమ్మ చెప్పింది. శనివారం ఉదయం ఆరు నుంచి ఫోను నా పక్కనే ఉంటుంది. నెగటివ్ విప్పేముందు ఒకసారి, తిరిగి బిగించాక ఒకసారి చెయ్యి.

మీ మామయ్య