టర్బో ఖరీదు: అమ్మేవాడికి 90 వేలు, మీకు సున్నా

ప్రశ్న: హనుమకొండలో ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. వయసు 36, చేతికొచ్చే జీతం 62,000. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు కలిపి 34,000 అవుతాయి. నర్సంపేట దగ్గర మా ఊళ్లో నాన్న ఐదెకరాల్లో మిర్చి, పత్తి వేస్తాడు. వారానికి రెండుసార్లు బైకు మీద వెళ్లొస్తాను. వానాకాలంలో ఓ ఇరవై రోజులు పొలం బాటలో ఏ బండీ కదలదు. 2008 మోడల్ మహీంద్రా ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఒకటి చూశాను. డీజిల్ ఇంజిన్. కంపెనీ నుంచి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టి బలం పెంచే పరికరం) లేకుండా వచ్చింది, తర్వాత బయట బిగించారు. దానికే 90 వేలు అయిందట. ధర 5.75 లక్షలు అంటున్నాడు. అమ్ముతున్నాయన మూడో ఓనరు, ఆర్సీ మాత్రం ఇంకా మొదటి ఓనరు పేరు మీదే ఉంది. ఏపీ 36 (ఉమ్మడి రాష్ట్రం నాటి వరంగల్) నంబరు, రిజిస్ట్రేషన్ 2028 దాకా ఉంది. టర్బో లేని అలాంటి జీపే మహబూబాబాద్‌లో 4.60కి ఉంది. ఐదు లక్షల చిట్టీలో 25 నెలలకు గాను 14 కట్టాను. ఇప్పుడు ఎత్తుకుంటే 4.40 వస్తుంది. తక్కువ పడేదానికి, రిజిస్ట్రేషన్ మార్పుకు మా ఆవిడ బంగారం మీద లక్షన్నర తెద్దామనుకుంటున్నా. మేడారానికి, బొగత జలపాతానికి కిరాయికి తిప్పితే ఖర్చులు వెళ్లిపోతాయని మా బామ్మర్ది అంటున్నాడు. కొనమంటారా?

జవాబు: ఈ ధరకు వద్దండి. జీపు కొనాలన్న ఆలోచనలో తప్పు లేదు. నల్లరేగడిలో దిగబడ్డ బండిని ట్రాక్టరుతో లాగించుకున్నవాళ్లకు ఆ కోరిక ఎందుకు పుడుతుందో తెలుసు. నాకు అభ్యంతరమల్లా మీరు టర్బోకు కట్టబోతున్న డబ్బు మీద.

రెండు జీపుల మధ్య తేడా 1,15,000. ఆ సొమ్ముకు మీకు దక్కేది టర్బో ఒక్కటే. దాని విలువ ఎవరు ఒప్పుకుంటారో చూడండి. ఇంత పాత బండికి బ్యాంకు అప్పే ఇవ్వదు కాబట్టి అక్కడ దాని ఊసే రాదు. బీమా కంపెనీ దాన్ని లాభంగా కాదు, అనుమానంగా చూస్తుంది. ఆర్టీవో ఆఫీసులో అది ఎప్పుడో ఒకప్పుడు అడగబోయే ప్రశ్న. రేపు మీరు అమ్మబోతే కొనేవాడు దాన్నే చూపించి ధర తగ్గిస్తాడు. దానికి విలువ కడుతున్నది అమ్మేవాడు ఒక్కడే.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ఇంజిన్ నంబరు మారలేదు, సీసీ మారలేదు, ఎవరికి తెలుస్తుందని అమ్మేవాడు అంటాడు. రోడ్డు మీద తెలియకపోవచ్చు. ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు బానెట్ ఎత్తితే తెలుస్తుంది. ముందు చెప్పని మార్పు కనబడితే సొంత బండి నష్టానికి క్లెయిము ఇవ్వకపోవడానికి కంపెనీకి మంచి సాకు దొరికినట్టే. అందుకే ఇలాంటి బండి ఏది కొన్నా, టర్బో సంగతి రాసి బీమా కంపెనీకి ముందే మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోండి. ఏజెంటు ఫోన్లో ‘ఏం కాదు సార్’ అన్న మాట క్లెయిము రోజున పనికిరాదు.

ఇక మీ లెక్కకు వద్దాం. చిట్టీ డబ్బు 4.40 లక్షలూ మీదే అనుకుంటున్నారు. డివిడెండ్ (చిట్టీ పాటలో తగ్గిన సొమ్ములో మీకు వచ్చే వాటా) పోను నెలకు సుమారు 18,000 కట్టారనుకుంటే, ఈ 14 నెలల్లో మీ చేతి నుంచి వెళ్లింది 2.52 లక్షలు. మిగతా 1.88 లక్షలు అప్పు. ఇంకో 11 నెలలు, అదే లెక్కన 1.98 లక్షలు కట్టాలి. నిజానికి ఇది చవకైన అప్పే, దాన్ని తప్పు పట్టను. కానీ దాని మీద బంగారం అప్పు ఇంకోటి ఎక్కిస్తున్నారు. రూపాయి వడ్డీ అనుకున్నా లక్షన్నరకు నెలకు 1,500. అసలు అలాగే ఉంటుంది.

జీతంలో ఇంటి ఖర్చు, చిట్టీ పోను మీకు మిగిలేది 10,000. ఊరికి పోయి రావడం, పొలం బాట కలిపి ఒక్కో ట్రిప్పు 90 కిలోమీటర్లు వేసుకుందాం. నెలకు ఎనిమిది ట్రిప్పులంటే 720 కిలోమీటర్లు. లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తే 72 లీటర్లు. లీటరు 96 రూపాయలు అనుకుంటే దాదాపు 7,000 అక్కడే పోతాయి. 1500 సీసీ దాటిన ప్రైవేటు బండికి థర్డ్ పార్టీ ప్రీమియం, 2022లో ఖరారైన రేటు ప్రకారం, ఏడాదికి 7,897. జీఎస్టీతో తొమ్మిది వేలు దాటుతుంది, నెలకు 775 పడుతుంది. బంగారం వడ్డీ కూడా తీసేస్తే చేతిలో 725 రూపాయలు ఉంటాయి. బైకు పెట్రోలు ఓ 1,500 తగ్గుతుందనుకున్నా రెండు వేల చిల్లరే. పద్దెనిమిదేళ్లు దాటబోతున్న డీజిల్ జీపును, అందులోనూ బయట టర్బో బిగించినదాన్ని, నెలకు రెండు వేలతో మేపలేరు. టైర్లు మార్చాల్సి వస్తే నాలుగింటికీ 30 వేలకు తక్కువ కావు. ఇంజిన్ బోరుకొస్తే, అంటే లోపల అరిగి విప్పి బాగు చేయించాల్సి వస్తే, లక్షకు అటూ ఇటూ పెట్టుకోవాలి.

ఇంజిన్ మాట వచ్చింది కాబట్టి, టర్బో వల్ల ఖర్చు ఎక్కడ పుడుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. టర్బో పని గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టడం. ఆ గాలికి తగ్గట్టు డీజిల్ కూడా ఎక్కువ పడాలి కాబట్టి డీజిల్ పంపు సెట్టింగ్ మారుస్తారు. టర్బో లేకుండా తయారైన ఇంజిన్‌కు పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికి, కింది భాగానికి మధ్య ఉండే సీలు), రేడియేటరు అన్నీ తక్కువ ఒత్తిడికి, తక్కువ వేడికి సరిపోయేలా ఉంటాయి. ఊళ్లో తిరిగినంతసేపు ఏమీ తెలియదు. ఎండాకాలంలో లోడుతో లాగినప్పుడు వేడెక్కి, మొదట గ్యాస్కెట్ పోతుంది. తర్వాత క్లచ్, గేర్‌బాక్స్ వంతు. టర్బో తిరిగేది ఇంజిన్ ఆయిల్ మీదే కాబట్టి ఆయిల్ తొందరగా మార్చాలి, మంచిది పొయ్యాలి. అది మానేసినవాడి దగ్గర కొన్నారంటే అతను మిగుల్చుకున్న డబ్బు మీరు కడతారు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు వరంగల్ ఆటోనగర్ నుంచి డీజిల్ పంపు పని తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లండి. అతని కూలి దండగ కాదు. పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు వస్తారని తెలిసి అప్పటికే ఓసారి స్టార్ట్ చేశారన్నమాట. బండి ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయించండి. కొంచెం ఆవిరి రావడం మామూలే, కానీ పొగ గుప్పుమంటూ మూతను ఎగరేసేలా ఉంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. నీలం పొగంటే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ వేడెక్కాక కూడా ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయేమోనని అనుమానించాలి. నల్ల పొగంటే డీజిల్ ఎక్కువ పోస్తోంది, పంపు మీద సీలు తెగి ఉందేమో మెకానిక్ చూస్తాడు. ఇంజిన్ ఆపి, టర్బోకు వెళ్లే గాలి పైపు విప్పించి లోపల ఇరుసును వేలితో కదిలించమనండి. పక్కలకు అతి కొద్దిగా ఆడితే ఫర్వాలేదు. ముందుకు వెనక్కు జరిగినా, రెక్కలు గోడకు తగిలినా, పైపులో ఆయిల్ కారినట్టు ఉన్నా ఆ టర్బో ఆయుష్షు అయిపోయినట్టే. చివరగా నలుగురు ఎక్కి ఇరవై కిలోమీటర్లు నడిపించి టెంపరేచర్ ముల్లు చూస్తూ కూర్చోండి.

మీరు ఉత్తరంలో ఒక ముక్క మామూలుగా రాసి వదిలేశారు గానీ, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. అమ్ముతున్నాయన మూడో ఓనరు, ఆర్సీ మాత్రం ఇంకా మొదటి ఓనరు పేరు మీదే ఉంది అన్నారు. అంటే సంతకాలు పెట్టిన ఫారాల మీద బండి చేతులు మారుతూ వచ్చింది. మన దగ్గర ఇది మామూలే, మామూలంత మాత్రాన క్షేమం కాదు. చట్టం దృష్టిలో ఆర్సీలో పేరున్నవాడే ఓనరు. ప్రమాదంలో నష్టపరిహారం బాధ్యత అతని మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఆ మొదటి ఓనరు ఓనరు మార్పుకు వాడే 29, 30 ఫారాల మీద మీ ఎదుటే సంతకం పెట్టాలి. కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్ పోర్టల్‌లో ఆర్సీ వివరాలు తీసి, ఫైనాన్స్ ఇంకా ఉందా, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా చెల్లుతుంది అని చూడండి. పెండింగు చలాన్లు కూడా చూడండి. ఏపీ 36 నంబరు ఉన్నంత మాత్రాన ఇబ్బంది లేదు. రిజిస్ట్రేషన్ 2028 దాకా ఉందంటున్నారు కాబట్టి ఆ ఏడు మళ్లీ ఫిట్‌నెస్ తనిఖీకి తీసుకెళ్లాలి. టర్బో గురించి ఇన్‌స్పెక్టరు అడిగే ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పాల్సింది మీరే. కొన్నాక పాలసీని కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి.

మీ బామ్మర్ది లెక్క నాకు నచ్చింది గానీ ఒప్పుకోను. తెల్ల నంబరు ప్లేటు బండిని కిరాయికి తిప్పితే పర్మిట్ ఉల్లంఘన, బీమా షరతుల ఉల్లంఘన రెండూ అవుతాయి. మంది ఎక్కిన జీపుకు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందు పరిహారం కట్టి, తర్వాత ఆ మొత్తం మీ దగ్గర వసూలు చేసుకోమన్న తీర్పులు చాలా ఉన్నాయి. పైగా జాతర రెండేళ్లకోసారి, వడ్డీ నెలనెలా.

మరి ఏం చెయ్యాలి? ఆగండి. జీపు అవసరమయ్యేది వానలు పడ్డాకే, అప్పటిదాకా బాట గట్టిగానే ఉంటుంది. ఇంకో ఆరు నెలలు చిట్టీ కట్టి ఇరవయ్యో నెలలో ఎత్తుకోండి. చివరికొచ్చిన కొద్దీ పోటీ తగ్గుతుంది కాబట్టి చేతికి ఎక్కువ వస్తుంది, మీ మీద మిగిలేవి ఐదు వాయిదాలే. బంగారం బీరువాలోనే ఉంటుంది. ఆ డబ్బులో 4.25 లక్షలకు మించకుండా, కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉన్న జీపును, ఆర్సీ ఓనరే అమ్ముతున్నదాన్ని వెతకండి. ఇప్పుడు 4.60 చెబుతున్న మహబూబాబాద్ జీపు అప్పటికీ ఉంటే దాన్నే బేరమాడండి. మిగిలేదాన్ని బండి రిపేర్ల కోసమని విడిగా వేసుకోండి, ముట్టుకోవద్దు. బురదలో పని చేసేది మంచి టైర్లు, ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు సరిగా ఉండటం. ఆ ఇరవై రోజుల్లో టర్బోకు పెద్ద పని ఉండదు.

ఇంత చెప్పినా ఈ జీపు మీదే మనసు ఉంటే ఒక పని చేయండి. టర్బో తీసేసుకుని, పంపును పాత సెట్టింగ్‌కు తెచ్చి బండి ఇస్తావా అని అమ్మేవాడిని అడగండి. ‘తీసేస్తాను, ధర అంతే’ అంటే ఆ 90 వేల మాట ఉత్తదేనని తేలిపోతుంది. ధర తగ్గిస్తానంటే ఎంత తగ్గిస్తాడో వినండి, అక్కడి నుంచి బేరం మొదలుపెట్టండి. నాలుగు లక్షలు దాటితే నేనైతే లేచి వచ్చేస్తాను. ఆర్సీలో పేరున్న మనిషితో మీరు స్వయంగా మాట్లాడేదాకా పదివేలు కూడా బయానా ఇవ్వకండి.