ప్రభుత్వం పింఛను ఇస్తుంటే సంఘం బీదలకు ఎందుకివ్వాలి?

మీరు అడిగింది ఇదీ: రేషన్ బియ్యం, పింఛను, ఆరోగ్యశ్రీ అన్నీ ప్రభుత్వమే ఇస్తోంది కదా, ఇక బీదల్ని ఆదుకునే బాధ్యత చర్చికి ఎందుకు అని. ప్రకాశం జిల్లాలో మా సంఘం బీదల నిధి లెక్కలు కొన్నేళ్లుగా నేనే రాస్తున్నాను. అందుకే జవాబు చెప్పాలనిపించింది.

ముందు డబ్బు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛన్లు తీసుకునేవాళ్లు 60 లక్షల పైమాటే. 2024 నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు. మా దగ్గర ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) ఆదివారం పట్టే బీదల కానుక మొత్తం పోగేసినా పట్టుమని పదిమందికి అంత ఇవ్వలేం. "సాయం చేయడం ప్రభుత్వం పని కాదు, సంఘం పని" అని అమెరికా ప్రసంగాలు విని మనవాళ్లు కొందరు అంటుంటారు. నాకైతే అది లెక్క తెలియని మాటలాగే ఉంటుంది. పైగా పింఛను హక్కు. దానికోసం ఎవరూ పాస్టర్ గారి దగ్గర తల వంచుకుని నిలబడక్కర్లేదు.

అయితే ఆ పింఛను జాబితాలో పేరున్నంత కాలమే వస్తుంది. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉంది. ఒంటరి మనిషి, రేకుల ఇల్లు, ఒక బల్బు, ఒక ఫ్యాను. ఉన్నట్టుండి పింఛను ఆగిపోయింది. ఆరా తీస్తే, ఎవరిదో ఏసీలున్న మేడ ఇంటి కరెంటు మీటరు ఈవిడ ఆధార్‌కి లింకై ఉంది. నెల వాడకం 300 యూనిట్లు దాటితే పింఛనుకు అనర్హులు, అదీ రూలు. ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసుకి వెళ్లమన్నారు, అక్కడికి వెళితే మళ్లీ మొదటి ఆఫీసుకే పంపారు. ఆవిడకి చదువు రాదు, మోకాళ్ల నొప్పులు. ఆటో ఖర్చే తడిసి మోపెడైంది.

కమిటీలో ఈ విషయం పెడితే ఒక పెద్దాయన, "ఆమెకి హైదరాబాద్‌లో కొడుకున్నాడు కదా బ్రదర్, మనమెందుకు?" అన్నారు. తోసిపారేసే మాట కాదది. ఇంట్లోవాళ్లు ఉన్న విధవరాండ్రను ఇంట్లోవాళ్లే చూసుకోవాలి, సంఘం మీద భారం పెట్టొద్దు, దిక్కులేనివాళ్లకే సంఘం సాయం మిగలాలి అని అపొస్తలుడు పౌలు బైబిల్లోని మొదటి తిమోతి పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు. కొడుక్కి ఫోన్ చేశాం. వాచ్‌మన్ పని, ఇద్దరు పిల్లలు, తనకే అప్పులు. అప్పుడప్పుడూ ఐదొందలు పంపుతాడు. సరేనని బీదల నిధి నుంచి బియ్యం, బీపీ మాత్రలు మొదలుపెట్టాం. యూత్‌లో ఒక అబ్బాయి ఆవిడ బిల్లు, ఆ మేడ ఇంటి సర్వీసు నంబరు పక్కపక్కన పెట్టి అర్జీ రాసి, సోమవారం కలెక్టరేట్‌కి తనే బండి మీద తీసుకెళ్లాడు. చివరికి పింఛను మళ్లీ వచ్చింది. మధ్యలో పోయిన నెలల డబ్బు మాత్రం రాలేదు. ఆ ఖాళీలో ఆవిడ పస్తు ఉండకపోవడానికి సంఘం కావాల్సి వచ్చింది. జాబితా సరిచేసి మళ్లీ 4,000 ఇవ్వడానికి ప్రభుత్వమే కావాలి.

జాబితాలో పేర్లు జారిపోవడం ప్రభుత్వానికి మాత్రమే ఉన్న జబ్బు కూడా కాదు. బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో, తొలి సంఘం రోజువారీ పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూశారని గొడవైంది. అది సంఘం సొంత జాబితానే! ఆ పని చూడటానికి ఏడుగురిని ప్రత్యేకంగా ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

ప్రభుత్వం, సంఘం కలిసి బీదల్ని ఆదుకోవడానికి మా ఒంగోలు వైపు పాత ఉదాహరణ ఒకటుంది. 1876–78 కరువులో ప్రభుత్వం కూలి పనుల కింద బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించింది. ఇక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అందులో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. కూలి డబ్బు ప్రభుత్వానిది. పనిలో పెట్టుకోవడం, దగ్గరుండి చూసుకోవడం సంఘ బోధకులది. బియ్యం కోసం బాప్తిస్మం అనే మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మా పెద్దలు ప్రతి వార్షికోత్సవంలో చెబుతారు. కాలువ కాంట్రాక్టు ఊసు ఎవరూ ఎత్తరు, ఎందుకో మరి.

ఇంకొకటి, మనవాళ్లు మైకులో మాట్లాడనిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకు రాష్ట్రంలో బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో ఒక గ్రూపు) కింద ఒక్క శాతం రిజర్వేషనే. అందుకని కుల సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం ఇంకో మతంగా బతికే కుటుంబాలు ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. దుప్పటి ఇస్తూ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే, అది ఎవరి చేతిలో పడుతుందోనని వాళ్లకి టెన్షన్. ఫోటోలు వద్దని నేను గట్టిగా పట్టుబట్టింది అందుకే. దాతలకు నచ్చలేదు, ఒకరిద్దరు ఇవ్వడం మానేశారు కూడా. పోనీ అనుకున్నాం. ఆ హోదా విషయం తేల్చాల్సింది మాత్రం ఢిల్లీలోనే, బీదల నిధితో అయ్యే పని కాదు.

మీ సంఘంలో ఏం చేయొచ్చు అంటారా? బీదల కానుకకి విడిగా పుస్తకం ఉందో లేదో ముందు కమిటీని అడగండి. చాలాచోట్ల అది జనరల్ ఫండ్‌లో కలిసిపోయి మైకుసెట్టుకీ, మందిరం స్లాబుకీ పోతోంది. విడిగా ఉంటే, ఈ నెల పింఛను ఎవరికి రాలేదో మీ స్త్రీల సమాజం వాళ్లని అడగండి. పేర్లతో సహా చెబుతారు.