బాబు పుట్టిన నెల చూశారా?

ప్రశ్న: మేడమ్, మా బాబుకు మే నెలలో అయిదేళ్లు నిండాయి. జూన్‌లో ఒకటో తరగతిలో వేశాం. మూడు నెలలకే స్కూల్‌కు పిలిచి, ‘ఒక్కచోట కూర్చోడు, రాయడు, ఏడీహెచ్‌డీలా (నిలకడ, ఏకాగ్రత కుదరని సమస్య) ఉంది, డాక్టర్ దగ్గర కాగితం తెండి’ అన్నారు. కానీ మొన్న బతుకమ్మకు నర్సంపేటలో అమ్మమ్మ పక్కన కూర్చుని, పేర్చడం అయ్యేదాకా గునుగు పూలు అందించాడు. మా అత్తమ్మ ‘మగపిల్లలు అంతే’ అంటుంది. మా ఆయన మందులు మొదలుపెడదామంటున్నారు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను మొదట ఆగింది ‘మే నెల’ దగ్గర. జూన్‌లో చేరిన ఆ క్లాసులో మీ బాబు అందరికన్నా చిన్నవాళ్లలో ఒకడు, ఆరేళ్లు దాటినవాళ్లూ ఉంటారు. ఈ వయసులో ఏడాది తేడా చాలా పెద్దది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తొమ్మిది లక్షలకు పైగా పిల్లల రికార్డులు చూసి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడ క్లాసులో అందరికన్నా చిన్నవాళ్లు డిసెంబర్‌లో పుట్టినవాళ్లు. జనవరిలో పుట్టినవాళ్లకన్నా వీళ్లలో ఏడీహెచ్‌డీ ఉందని తేల్చింది మగపిల్లల్లో 30 శాతం, ఆడపిల్లల్లో 70 శాతం ఎక్కువ. పుట్టిన నెలను బట్టి జబ్బు రాదు కదా! చిన్నతనాన్నే జబ్బు అనుకున్నారన్నమాట.

ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. పెద్దవాళ్లు చెప్పేదాన్ని, పిల్లాడి తీరును బట్టే డాక్టర్ నిర్ణయిస్తారు. మానసిక జబ్బుల లక్షణాలు రాసి ఉండే అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం పుస్తకం 1994 కూర్పుకు అధిపతిగా ఉన్న అలెన్ ఫ్రాన్సెస్ గారే, మామూలు బాల్యాన్ని రోగంగా మారుస్తున్నారని ఏళ్లుగా అంటున్నారు. ఆ మాటను నేను చాలా గట్టిగా పట్టించుకుంటాను.

అలాగని ఏడీహెచ్‌డీ లేదనను. కూర్చోవాలని ఉన్నా కూర్చోలేక, స్నేహితులు దూరమై, రోజూ దెబ్బలు తిని ఏడ్చే పిల్లలకు నేను పాఠం చెప్పాను. వాళ్లకు వైద్యం, అవసరమైతే మందులు కూడా, పెద్ద ఆసరా. గునుగు పూల సంగతి చూసి పూర్తిగా ధీమా పడకండి. ఇష్టమైన పనిలో అలాంటి పిల్లలూ గంటలకొద్దీ లీనమవుతారు.

అయితే ఆ డీఎస్ఎం పుస్తకం లెక్కనే చూసినా లక్షణాలు కనీసం ఆరు నెలలు ఉండాలి, ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనిపించాలి. మీవాడు ఆ క్లాసులో కూర్చున్నదే మూడు నెలలు! టీచర్‌ను అడగండి: క్లాసులో ఎంతమంది, ఏ పీరియడ్‌లో లేస్తాడు, రోజుకు ఎంతసేపు రాయిస్తారు, ఆటకు ఎంతసేపు వదులుతారు? నాకు కోపం వచ్చేది ఇక్కడే. మన ఊళ్లో ఎన్నో బడులకు గ్రౌండ్ లేదు. అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగ్‌లో పొద్దంతా కూర్చోబెట్టి, కదిలిన పిల్లాడిదే తప్పంటే ఎలా?

ముందు కళ్లు, చెవులు చూపించండి. రక్తం తక్కువుందేమో, నిద్ర సరిపోతోందో చూడండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పిల్లల డాక్టర్లున్నారు. ఆరేళ్లలోపు పిల్లలకు మందులకన్నా ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘమే చెబుతోంది. ఈ మాట మీ ఆయనకు చెప్పండి. వీలైతే ఈ ఏడాది యూకేజీలో కూర్చోబెట్టమని అడగండి, అందులో నామోషీ ఏం లేదు. మీ నిద్ర సంగతికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీమానస్‌కు, 14416 నంబర్‌కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.