దారిలో కనిపిస్తే ఎత్తుకోవద్దు

చిరంజీవి శ్రీనుకి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. దసరా సెలవులకి ఇంటిల్లిపాదీ మడగాస్కర్ పక్కనున్న నోసీ బే దీవికి వెళ్తున్నారట. బీచ్ కోసం కూడా కాదట, చిన్నదానికి ఊసరవెల్లులు చూపించడానికట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినదాన్ని. మన ఇంట్లో ఒక్కరికైనా ఆ పిచ్చి అంటుకుందని పొంగిపోయాను. దాంతోపాటే టెన్షన్ కూడా పట్టుకుంది.

మలేరియా మాత్రల సంగతి డాక్టర్ని అడుగు. మీ నాన్న బీపీ మాత్రలు చేతిసంచిలో పెట్టు. పిల్లలకి నిండు చేతుల చొక్కాలు వెయ్యి. మిగతావి నీకు తెలిసినవే.

ఇక వెతకడం. మనవాళ్లు చాలామంది తొండని చూసి ఊసరవెల్లి అనుకుంటారు. గోడ మీద మెడ ఎర్రగా చేసుకుని తల ఊపేది తొండ. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు గానీ, ఎంత ముదిరినా అవదు. ఊసరవెల్లి పరిగెత్తదు. గాలికి కదిలే ఆకులా ముందుకీ వెనక్కీ ఊగి ఊగి ఒక అడుగు వేస్తుంది. ఒక కన్ను నిన్ను చూస్తుంటే రెండోది ఇంకెటో చూస్తుంటుంది. మాట మార్చేవాణ్ని మనం ఊసరవెల్లి అని తిడతాం. మడగాస్కర్ వాళ్ల సామెత మాత్రం ఊసరవెల్లిలా నడవమంటుంది, ముందుకి చూస్తూ వెనక్కి కూడా చూసుకుంటూ.

పగలంతా వెతికితే మెడనొప్పి మిగులుతుంది, రాత్రి వెళ్లండి. నిద్రపోయేటప్పుడు దాని రంగు పాలిపోతుంది. సన్నటి రెమ్మ చివర పడుకుంటుంది కాబట్టి టార్చిలైటు వేస్తే ముదురు ఆకుల మధ్య తెల్లగా తేలి కనిపిస్తుంది. లైటు కంటి పక్కనే పట్టుకుని, నడుము ఎత్తు నుంచి తల పైదాకా నెమ్మదిగా చూసుకుంటూ పోవాలి. కనిపించాక లైటు పక్కకి తిప్పెయ్యండి, ఫ్లాష్ వద్దు. అక్కడ లోకోబే నేషనల్ పార్క్ ఉంది. చీకటి పడ్డాక లోపలికి వెళ్లనివ్వరు, గైడ్ అడవి అంచున రోడ్డు వెంట తిప్పుతాడు. అదేం తక్కువ కాదు. పాంథర్ ఊసరవెల్లులు నట్టడవిలో కంటే ఊళ్ల పక్క పొదల్లోనే ఎక్కువ దొరుకుతాయి. ఆ దీవిలో మగవి నీలం కలిసిన ఆకుపచ్చగా ఉంటాయి. అదే జాతి తూర్పు తీరంలో ఎర్రగా ఉంటుంది. పగలు లోకోబేలో తిరిగేటప్పుడు మాత్రం కాళ్ల కింద చూసుకోండి. రాలిన ఆకుల్లో తోకతో కలిపి అంగుళంన్నర కూడా ఉండని బుల్లి ఊసరవెల్లి ఉంటుంది.

రంగు ఎందుకు మారుస్తుందని చిన్నది అడుగుతుంది. దాక్కోవడానికి అని చెప్పేయకు. చలికీ వేడికీ మారుస్తుంది, ఇంకో మగది ఎదురైతే మారుస్తుంది, తోడు కోసం మారుస్తుంది. చర్మంలో సన్నటి స్ఫటికాలు దగ్గరగా ఉంటే నీలం, ఎడంగా జరిగితే పసుపు, ఎరుపు. ఈ పాంథర్ జాతి మీదే జెనీవా శాస్త్రవేత్తలు 2015లో ఆ సంగతి చూపించారు. భయపడితే మాత్రం నల్లబడుతుంది. ఆ నలుపు నేను చూశాను.

1983 కార్తీకమాసంలో అనంతగిరికి వనభోజనాలకి వెళ్లాం. తిరిగొస్తుంటే మీ నాన్న స్కూటర్ నడుపుతున్నాడు, నేను వెనక కూర్చున్నాను. మట్టిరోడ్డు మధ్యలో ఊసరవెల్లి. నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చి అప్పటికి నాలుగు నెలలు. చెట్టు మీద ఉండాల్సింది నేల మీద ఉందంటే జబ్బు చేసి పడిపోయిందని తేల్చేశాను. మీ నాన్న, "దాని దారిన దాన్ని పోనీ అక్కా, ఏదో పని మీద పోతున్నట్టుంది" అన్నాడు. కామర్సు చదివినవాడికేం తెలుసని నవ్వాను. ఖాళీ అయిన పులిహోర గిన్నెలో దాన్ని పెట్టి, పైన తువ్వాలు కట్టి, ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

ల్యాబ్‌లో అట్టపెట్టెలో ఉంచాను. గిన్నెలో నీళ్లు పెట్టాను, ముట్టలేదు. ఊసరవెల్లి ఆకుల మీద బొట్లే తాగుతుందని ఆ తర్వాతెప్పుడో చదివాను. నల్లబడింది. పెట్టె మూలని అదేపనిగా గీకేది. బయటపడాలని చూస్తోంది, అంటే కోలుకుంటోంది అనుకున్నాను. ఆరో రోజు పొద్దున చూస్తే కదల్లేదు.

కోసి చూశాను. లోపల గుడ్లు. ఇరవై ఏడు. నాకు నేర్పింది లెక్కపెట్టడమే కాబట్టి లెక్కపెట్టాను. వానలకి మెత్తబడ్డ మట్టిలో గుడ్లు పెట్టడానికి చెట్టు దిగిందిరా అది. ఆ మూలని గీకడం కాదు, తవ్వుకుంటోంది.

అలా పట్టుకోవడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అది వేరే సంగతి. ఆ ఆదివారం మీ నాన్న, "వదిలేశావా అక్కా?" అని అడిగాడు. వదిలేశానన్నాను.

అందుకని ఇది బాగా విను. రోడ్డు మీద ఊసరవెల్లి కనిపిస్తే బండి ఆపించు. వెనక వచ్చే బండ్లకి చెయ్యి ఊపుతూ నువ్వు నిలబడు. ఐదు నిమిషాలు పడుతుంది, పది పడుతుంది, పట్టనీ. ఫొటో కోసం దాన్ని పిల్ల చేతి మీద పెడతామని ఎవరైనా అంటే వద్దను. కొమ్మని పట్టుకున్నదాన్ని లాగనివ్వకు, పట్టకారులాంటి పట్టు అది, లాగితే కాళ్లకి దెబ్బ.

పోయిన నెల చిన్నది పెన్సిల్ బాక్సులో నత్తని ఇంటికి తెచ్చిందని నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు, నీ మీద కోపం వచ్చింది. దాన్ని మాత్రం తిట్టకు. దానిది నా పోలికే, కనిపించినదాన్నల్లా బాగుచేద్దామనుకుంటుంది. ఒక పుస్తకం, పెన్సిల్ చేతికిచ్చి బొమ్మ గియ్యమను. చెయ్యి ఖాళీగా ఉండకపోతే చాలు.

అక్కడ మీ నాన్న పిల్లలకి ఈ కథ చెప్తాడు. మా అక్క ఒకసారి ఊసరవెల్లికి వైద్యం చేసి వదిలిపెట్టిందని ప్రతి పెళ్లిలోనూ చెప్తాడు కదా. చెప్పనీ, అడ్డుపడకు. ఈ ఉత్తరం వాడి కంట పడనివ్వకు. మీరొచ్చిన ఆదివారం అందరూ భోజనానికి రండి. పులిహోర చేస్తాను. వాడికి నేనే చెప్తాను.

మీ అత్తయ్య
పద్మారావు నగర్