జనరల్ డేవిస్ జీవితం రాయబోయే యువ రచయితకు

చిరంజీవి రచయితకు,

ఆశీస్సులు. అమెరికా వాయుసేనలో జనరల్ హోదా అందుకున్న తొలి నల్లజాతి అధికారి బెంజమిన్ ఓ. డేవిస్ జూనియర్ జీవితచరిత్రను తెలుగులో రాయాలన్న నీ సంకల్పం నాకు నచ్చింది. అయితే నువ్వు పంపిన ప్రణాళికలో తొలి అధ్యాయం, 1926లో పదమూడేళ్ల పిల్లవాడు బోలింగ్ ఫీల్డ్‌లో మొదటిసారి విమానం ఎక్కడంతో ఆరంభమవుతోంది. వైమానికుల జీవితచరిత్రల్లో సగం ఇలాగే మొదలవుతాయి. దాన్ని రెండు వాక్యాల్లో ముగించి, నేరుగా 1932కు, వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీకి వచ్చెయ్.

అక్కడ ఆయన్ను నాలుగేళ్లు వెలివేశారు. విధి నిర్వహణకు తప్పనిసరైన మాటలు మినహా తోటి విద్యార్థులెవరూ ఆయనతో మాట్లాడలేదు; గదిలో ఒక్కరే ఉన్నారు, భోజనశాలలో పలకరించేవారు లేకుండానే తిన్నారు. తనంతట తానే విసిగి వెళ్లిపోవాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆయన వెళ్లలేదు సరికదా, 1936లో 276 మందిలో 35వ స్థానంతో పట్టా పుచ్చుకున్నారు. ఆ ఏటి అకాడమీ సంచికలో మాత్రం, ఆయన ధైర్యమూ తెలివీ సహాధ్యాయుల మనఃపూర్వకమైన అభిమానాన్ని గెలుచుకున్నాయని అచ్చయింది. నాలుగేళ్లు నోరు విప్పనివాళ్లు అచ్చులో మెచ్చుకున్నారన్న ఈ సంగతి దగ్గర నీ కలం వ్యాఖ్యానానికి ఉబలాటపడుతుంది, పడనివ్వకు. వెలి అంటే ఏమిటో మన పాఠకుడికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు గనుక, మన ఊళ్ల ప్రస్తావన కూడా తేవద్దు.

ఆ తర్వాతి ఐదేళ్లకు ఒక అధ్యాయం చాలు. పట్టా అందుకున్న నాటికి, మతాధికారులను మినహాయిస్తే, అమెరికా సైన్యంలో నల్లజాతి అధికారులు ఇద్దరే: ఆయన, ఆయన తండ్రి. వైమానిక దళంలో నల్లజాతి యూనిట్లు లేవన్న కారణంతో ఆయన దరఖాస్తును తిరస్కరించారు. ఫోర్ట్ బెన్నింగ్ సైనిక స్థావరంలో ఆఫీసర్స్ క్లబ్ గడప తొక్కనివ్వలేదు. 1941లో టస్కీగీలో నల్లజాతి వైమానికులకు శిక్షణ ప్రారంభమయ్యాక ఆ తొలి జట్టులో ఆయన చేరారు. 13 మందిలో చివరికి 1942 మార్చిలో పైలట్‌గా అర్హతకు గుర్తైన రెక్కల చిహ్నం అందుకున్నవారు ఐదుగురే.

నీ పుస్తకానికి నడుమ స్తంభంగా నిలవవలసిన ఘట్టం గగనతలంలో జరగలేదు. 1943 వసంతంలో ఆయన నాయకత్వాన నల్లజాతి పైలట్ల 99వ స్క్వాడ్రన్ పీ-40 యుద్ధవిమానాలతో ఉత్తర ఆఫ్రికా చేరింది. కొద్ది నెలలకే, ఆ స్క్వాడ్రన్ పనిచేసిన గ్రూపు కమాండర్ కల్నల్ విలియం మోమయర్, వాళ్లకు దూకుడు చాలదనీ, వాళ్లను ముందువరుస పోరు నుంచి తప్పించాలనీ నివేదిక పంపాడు. ఆ అక్టోబరులో డేవిస్ వాషింగ్టన్‌లో, జాన్ మెక్‌క్లాయ్ అధ్యక్షతన ఉన్న యుద్ధశాఖ కమిటీ ముందు కూర్చుని జవాబు చెప్పుకోవలసి వచ్చింది. తన మనుషుల్లో ముందుగా యుద్ధం చూసినవాడు ఒక్కడూ లేడనీ, మిగతా స్క్వాడ్రన్ల కన్నా తక్కువమంది పైలట్లతో నెట్టుకొచ్చామనీ ఆవేశపడకుండా వివరించారు. తర్వాత సైన్యం జరిపించిన పరిశీలనలో, పీ-40లు నడిపిన తక్కిన స్క్వాడ్రన్లకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. 1944 జనవరి 27, 28 తేదీల్లో ఇటలీ తీరంలోని అన్జియో మీద అదే స్క్వాడ్రన్ 12 శత్రువిమానాలను కూల్చింది. కమిటీ గదిని నువ్వు ఎంత శ్రద్ధగా రాస్తే అన్జియో అంత తక్కువ మాటల్లో పండుతుంది. మోమయర్‌ను ప్రతినాయకుణ్ణి చేయాలన్న ఉబలాటం సహజమే. ఆయన కూడా తర్వాత నాలుగు నక్షత్రాల జనరల్ అయ్యాడు, ఆ వాస్తవాన్ని దాచకుండా చెప్పు.

ఇక ఎర్రతోకల సంగతి, అంటే తోకలకు ఎర్రరంగు పూసిన ఆయన గ్రూపు విమానాల సంగతి. ఇటలీ నుంచి 332వ ఫైటర్ గ్రూపును నడిపిస్తూ, 1944 జూన్ 9న మ్యూనిక్ వైపు వెళ్లిన బాంబర్లకు రక్షణగా సాగిన దాడికి ఆయన డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పొందారు. వాళ్లు కాపలా కాసిన బాంబరు ఒక్కటీ శత్రువిమానాలకు కూలలేదని నీ చిత్తుప్రతిలో రాశావు. కొట్టెయ్. వాయుసేన చరిత్రకారులే రికార్డులు తిరగేసి, అలా కూలినవి 27 అని తేల్చారు. అదే రంగంలో ఇతర గ్రూపుల సగటు 46. ఒక్క బాంబరూ కూలలేదన్న కీర్తిని చికాగో డిఫెండర్ పత్రిక చాటిన 1945 మార్చి 24నే, బెర్లిన్ దారిలో వాళ్ల రక్షణలో ఉన్న బాంబర్లు కూలాయి. నిజం చెబితే కథ పలచబడుతుందని భయపడకు. కూల్చిన విమానాల లెక్క మీదే పేరూ పతకాలూ వచ్చే రోజుల్లో, శత్రువు వెంట పోక బాంబర్లను అంటిపెట్టుకుని ఉండమని తన పైలట్లను శాసించిన నాయకుడాయన. ఆ 27కూ 46కూ నడుమ ఉన్న అంతరంలో ఆ శాసనం పాత్ర ఎంతో తరచి చూడు. సున్నా అని రాస్తే చూడటానికి ఏమీ మిగలదు.

యుద్ధానంతర జీవితంలో పదవుల జాబితా వేయకు. 1948లో సైన్యంలో జాతివివక్ష తొలగించాలన్న అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు తర్వాత వాయుసేనలో జాతివేరు యూనిట్ల రద్దుకు ప్రణాళిక రాయడంలో ఆయన చేయి ఉంది. నీ దృష్టి అక్కడ నిలవాలి. 1953లో కొరియాలో 51వ వింగ్‌కు ఆయన అధిపతి అయ్యేసరికి, ఒకప్పుడు ఆయన్ను చేర్చుకోని దళంలో తెల్లజాతి పైలట్లు ఆయన ఆజ్ఞ కింద ఎఫ్-86 జెట్ యుద్ధవిమానాలు నడుపుతున్నారు. 1954లో బ్రిగేడియర్ జనరల్, 1965లో లెఫ్టినెంట్ జనరల్, 1970లో విరమణ అన్నవి ఒక్క పేరాలో ఇమిడిపోతాయి.

1998లో అధ్యక్షుడు క్లింటన్ ఆయన భుజాన నాలుగో నక్షత్రం అమర్చడాన్ని నువ్వు పతాక సన్నివేశంగా అనుకున్నావు. అప్పటికి విరమణ పొంది 28 ఏళ్లయింది, ఆయన వయసు 85. ఆ ఆలస్యాన్ని చప్పట్ల మధ్య మరుగున పడనివ్వకు. 2002 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన ఆయన కన్నుమూయడం కాకతాళీయం. తేదీ ఇచ్చి ఊరుకో. ముందుగా కమిటీ గది అధ్యాయం రాసి నాకు పంపు, మిగతా ప్రణాళిక సంగతి దాన్ని చదివాక మాట్లాడుకుందాం.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి